బానిసగా పుట్టిన ఇంటికే యజమాని

ఇశ్రాయేలీయులు ఎర్ర సముద్రం దాటింది ఒక్క రాత్రిలోనే. కానీ ఐగుప్తులో బానిసలుగా బతికిన ఆ జనం ఒక ధర్మశాస్త్రం కింద ఒక జాతిగా నిలబడటం నేర్చుకోవడానికి నలభై ఏళ్లు పట్టింది. సముద్రం దాటిన రాత్రిని మనం పాటలుగా పాడుకుంటాం. సండే స్కూల్లో పిల్లలకు బొమ్మలు చూపించి మరీ చెబుతాం. ఆ తర్వాతి నలభై ఏళ్ల గురించి మాత్రం అంతగా మాట్లాడుకోం. అమెరికాలోని దక్షిణ కరోలినా రాష్ట్రానికి చెందిన రాబర్ట్ స్మాల్స్ విషయంలోనూ అదే జరిగింది. ఆయన ఓడ నడిపిన రాత్రి చరిత్రకెక్కింది. ఆ తర్వాత ఆయన వ్యాపారిగా, శాసనసభ్యుడిగా పడిన పాట్లు చాలామందికి తెలియవు. ఈ వారం మనం ఆ రెంటినీ కలిపి చూద్దాం. ఎందుకంటే విడుదల పొందడం ఒక ఎత్తయితే, పొందిన విడుదలతో ఏం చేశామన్నది మరో ఎత్తు.

ఇంటి వెనుక పాక

దక్షిణ కరోలినాలో బ్యూఫర్ట్ ఓ చిన్న రేవు పట్టణం. అక్కడ ప్రిన్స్ స్ట్రీట్‌లోని 511 నంబరు ఇంటి వెనుక, పనివాళ్లుండే పాకలో 1839 ఏప్రిల్ 5న రాబర్ట్ పుట్టాడు. తల్లి పేరు లిడియా పొలైట్. ఆమె మెకీ కుటుంబానికి బానిస. తండ్రి ఎవరన్నది నిర్ధారణగా ఎవరూ చెప్పలేకపోయారు. తల్లి బానిసైతే కడుపున పుట్టిన బిడ్డ కూడా యజమాని ఆస్తేనన్నది ఆనాటి చట్టం. అలా ఆ పసివాడు కళ్లు తెరిచేసరికే హెన్రీ మెకీ ఆస్తుల లెక్కలో చేరిపోయాడు.

యజమానికి ఆ పిల్లాడంటే కొంత అభిమానం ఉండేది. పొలంలో నడుములు విరిగే చాకిరీ లేకుండా ఇంట్లోనే పెరిగాడు. మరో తల్లయితే నా బిడ్డ చల్లగా ఉన్నాడు, అంతే చాలనుకునేది. లిడియా అలా అనుకోలేదు. సుఖానికి అలవాటుపడి తన కొడుకు తానెవరో మరచిపోతాడని భయపడింది. తోటి బానిసలు పొలాల్లో ఎలా బతుకుతున్నారో, కొరడా దెబ్బలు ఎలా తింటున్నారో అతని కళ్లతో చూసేలా చేసింది. ఫరో ఇంట్లో పెరిగినా తన జనం బరువులు మోయడం చూసి కలతచెందిన మోషే మనకు గుర్తొస్తాడు. మోషేకు ఆ ఇంగితం ఉగ్గుపాలతో అబ్బింది. రాబర్ట్‌కు కూడా అంతే!

1851లో, పన్నెండేళ్ల వయసులో రాబర్ట్‌ను చార్ల్‌స్టన్ నగరానికి కూలికి పంపారు. హోటల్లో వడ్డించాడు, వీధి దీపాలు వెలిగించాడు, రేవులో సరకులు మోశాడు, తెరచాపలు కుట్టాడు. చివరికి ఓడ చుక్కాని పట్టడం నేర్చుకున్నాడు. వచ్చిన కూలిలో వారానికి ఒక డాలరు అతనిది, మిగతాదంతా యజమానిది. 1856లో క్రిస్మస్‌కు ముందురోజు హానా జోన్స్ అనే హోటల్ పనిమనిషిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె కూడా బానిసే. వాళ్లకు కూతురు పుట్టింది. ఆ బిడ్డ కూడా పుట్టుకతోనే వేరొకరి ఆస్తి! భార్యాబిడ్డలను కొనుక్కుని విడిపించుకుందామని అడిగితే 800 డాలర్లన్నారు. అప్పటికి అతను కూడబెట్టింది వంద డాలర్లు. సొంత బిడ్డను వెలపెట్టి కొనుక్కోవాల్సిన తండ్రి మనోవేదన ఎలాంటిదో ఒక్క నిమిషం ఆలోచించండి.

ఆ తెల్లవారుజాము

1861లో అమెరికా అంతర్యుద్ధం మొదలైంది. బానిసత్వాన్ని నిలుపుకోవాలని దక్షిణాది రాష్ట్రాలు దేశం నుంచి విడిపోయి కాన్ఫెడరసీ పేరిట వేరే కుంపటి పెట్టుకున్నాయి. రాబర్ట్‌ను ‘ప్లాంటర్’ అనే ఆవిరి పడవ మీద చుక్కాని పట్టే పనిలో పెట్టారు. అది పత్తి బేళ్లు మోసే పడవే. యుద్ధం రావడంతో ఫిరంగులు, మందుగుండు మోయసాగింది. చార్ల్‌స్టన్ రేవులో లోతెక్కడుందో, మందుపాతరలెక్కడున్నాయో, ఏ కోట దగ్గర ఏ కూత వేయాలో అన్నీ అతనికి కొట్టినపిండి. అయినా అతన్ని పైలట్ అని పిలిచేవారు కాదు. నల్లవాడికి ఆ మర్యాద ఇవ్వడం తెల్లవారికి ఇష్టం లేదు.

1862 మే 12 రాత్రి. పడవ మీదుండాల్సిన ముగ్గురు తెల్ల అధికారులు నిబంధనలు కాదని ఇళ్లకు వెళ్లి పడుకున్నారు. తెల్లవారితే మే 13. వేకువన మూడు గంటల వేళ రాబర్ట్, తోటి బానిస సిబ్బంది కలిసి బాయిలరు రాజేశారు. అతను కెప్టెన్ కోటు తొడుక్కున్నాడు, కెప్టెన్ పెట్టుకునే గడ్డి టోపీ నెత్తిన పెట్టుకున్నాడు. పక్క రేవులో దాక్కుని ఎదురుచూస్తున్న భార్యాబిడ్డలను, మిగతావారి కుటుంబాలను ఎక్కించుకున్నాడు. మొత్తం 16 మంది. దొరికిపోతే ప్రాణాలతో చిక్కకూడదని, పడవను ముంచేసి అందరూ కలిసి మునిగిపోవాలని ముందే అనుకున్నారు. ఆడవాళ్లు కూడా అందుకు ఒప్పుకునే పడవెక్కారు.

దారిలో అయిదు కోటలున్నాయి. ఒక్కో కోట దగ్గర వేయాల్సిన కూత వేస్తూ, కెప్టెన్ ఎలా నిలబడతాడో అలాగే చేతులు కట్టుకుని నిలబడి, తొందర కనిపించకుండా పడవను నడిపించాడు. నాలుగున్నర ప్రాంతంలో సమ్టర్ కోట ముందుకు వచ్చింది. అన్నిటికంటే పెద్ద గండం అదే. పడవలో ప్రార్థనలు సాగాయి. అతను సంకేతం ఇచ్చాడు. కోట మీద కాపలావాడు ఏమీ అనుమానించక పోనిచ్చాడు. ఫిరంగి గుండు అందనంత దూరం వెళ్లాక కాన్ఫెడరసీ జెండా దించేసి, హానా తాను పనిచేసే హోటల్ నుంచి తెచ్చిన తెల్ల దుప్పటిని ఎగరేశారు. రేవును దిగ్బంధించిన ఉత్తరాది నావికాదళంలోని ‘ఆన్‌వర్డ్’ ఓడ అప్పటికే వాళ్ల మీద గురిపెట్టింది. పొద్దు పొడుస్తున్న వెలుగులో ఆ దుప్పటి కనిపించకపోతే 16 మందీ అక్కడే సముద్రం పాలయ్యేవారు!

అలా 23 ఏళ్ల రాబర్ట్ స్మాల్స్ తననూ, తనవాళ్లనూ విడిపించుకున్నాడు. పడవతో పాటు ఫిరంగులు, శత్రువుల సంకేతాల పుస్తకం ఉత్తరాది చేతికి వచ్చాయి. ఆ నెలాఖరునే అధ్యక్షుడు లింకన్ సంతకంతో అమెరికా కాంగ్రెస్ బహుమతి ప్రకటించింది. రాబర్ట్ వాటాగా 1,500 డాలర్లు వచ్చాయి. మెథడిస్ట్ పాదిరి మాన్స్‌ఫీల్డ్ ఫ్రెంచ్ ఆయనను ఆగస్టులో వాషింగ్టన్ తీసుకెళ్లాడు. నల్లవారిని సైన్యంలోకి తీసుకోండని యుద్ధ మంత్రి స్టాంటన్‌ను అర్థించారు. దక్షిణ కరోలినా తీరంలో 5,000 మంది నల్లవారిని సైన్యంలో చేర్చుకోవడానికి స్టాంటన్ ఉత్తర్వు ఇచ్చాడు. తన విడుదలతో తృప్తిపడి ఉత్తరాదిన హాయిగా స్థిరపడగలిగినవాడు మళ్లీ యుద్ధంలోకే వెళ్లాడు. 1863 డిసెంబరులో శత్రువుల గుళ్ల వర్షంలో ‘ప్లాంటర్’ కెప్టెన్ ధైర్యం కోల్పోయి లొంగిపోదామన్నాడు. లొంగిపోతే తెల్లవారిని ఖైదీలుగా చూస్తారు, నల్లవారిని బతకనివ్వరు. రాబర్ట్ ఒప్పుకోలేదు. తానే చుక్కాని పట్టి పడవను ఒడ్డుకు చేర్చాడు. ఆ తర్వాత ఆయననే దానికి కెప్టెన్‌ను చేశారు.

పాతికేళ్లకు అక్షరాభ్యాసం

ఇంత చేసినవాడికి అప్పటికి చదవడం, రాయడం రాదు! బానిసలకు చదువు చెప్పడం నేరమని దక్షిణ కరోలినా 1834లోనే చట్టం చేసింది. 1864లో మరమ్మతుల కోసం ‘ప్లాంటర్’ను ఫిలడెల్ఫియా తీసుకెళ్లినప్పుడు ఆయన అక్కడ కొన్ని నెలలు ఉండాల్సి వచ్చింది. ఆ సమయాన్ని వృథా చేయలేదు. ఉపాధ్యాయులను పెట్టుకుని పాతికేళ్ల వయసులో అక్షరాలు దిద్దాడు. అదే నగరంలో ఓ రోజు గుర్రాల ట్రాంలో కూర్చుంటే నల్లవాడివి, లేవమన్నారు. యుద్ధవీరుడు మారుమాట్లాడకుండా దిగి నడుచుకుంటూ పోయాడు. ఆ అవమానం పత్రికలకెక్కింది, ఊళ్లో చర్చ రేగింది. ట్రాంలలో జాతి వివక్ష చూపకూడదని 1867లో పెన్సిల్వేనియా రాష్ట్రం చట్టం చేయడానికి అలాంటి సంఘటనలే దారితీశాయి.

యుద్ధం ఇంకా నడుస్తుండగానే బ్యూఫర్ట్‌లో పన్నులు కట్టని ఇళ్లను ప్రభుత్వం వేలం వేసింది. వాటిలో ప్రిన్స్ స్ట్రీట్ 511 నంబరు ఇల్లు కూడా ఉంది. ఏ ఇంటి వెనుక పాకలో పుట్టాడో ఆ ఇంటినే రాబర్ట్ స్మాల్స్ తన డబ్బుతో కొనుక్కున్నాడు. ఆ ఇల్లు తనదంటూ డి ట్రెవిల్ అనే ఆయన కోర్టుకెక్కాడు. ఆ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1878లో తీర్పు రాబర్ట్ పక్షాన వచ్చింది. పన్ను వేలంలో ఇళ్లూ పొలాలూ కొనుక్కున్న ఎందరో పేదలకు ఆ తీర్పు భరోసానిచ్చింది.

కొట్టు, బడి, రైలు, పత్రిక

యుద్ధం ముగిశాక విడుదలైన నల్లవారు బ్యూఫర్ట్ చుట్టుపక్కల వేలల్లో ఉన్నారు. చేతిలో డబ్బు లేదు, అక్షరం లేదు, నమ్మి అప్పిచ్చేవాడు లేడు. 1866లో రాబర్ట్ ఫిలడెల్ఫియాకు చెందిన రిచర్డ్ గ్లీవ్స్‌తో కలిసి వాళ్లకు కావలసిన సరకులమ్మే కొట్టు తెరిచాడు. నల్లపిల్లల బడి కోసం ఓ రెండంతస్తుల భవనం కొన్నాడు. చార్ల్‌స్టన్‌లో రేవు నుంచి రైలు డిపోలకు సరకులూ మనుషులనూ చేరవేసే గుర్రాల రైలు కంపెనీలో పెట్టుబడి పెట్టాడు. దాని పేరు ‘ఎంటర్‌ప్రైజ్ రైల్‌రోడ్’. దాని డైరెక్టర్లలో దాదాపు అందరూ నల్లవారే. పదేళ్ల కిందట అదే నగరంలో కూలికి వెళ్లి, కూలి డబ్బు యజమానికి అప్పజెప్పినవాళ్ల జాతి అది! 1872 నుంచి ‘సదరన్ స్టాండర్డ్’ అనే పత్రికను కూడా నడిపించాడు. అక్షరాలు నేర్చుకుని అప్పటికి పదేళ్లు కూడా నిండలేదు.

ఆయన వ్యాపారాల వరస చూస్తే ఒక సంగతి మనకు అర్థమవుతుంది. తనవాళ్లకు సరుకు కావాలి, కొట్టు పెట్టాడు. చదువు కావాలి, బడికి భవనం కొన్నాడు. దారి కావాలి, రైలులో డబ్బు పెట్టాడు. నోరు కావాలి, పత్రిక తెచ్చాడు. లాభం చూసుకోలేదని మేము అనడం లేదు. ఆయన ఆస్తిపరుడయ్యాడు, బాగా బతికాడు. కానీ ఆయన సంపాదన తనవాళ్ల అవసరాలకు దూరంగా పోలేదు.

శాసనసభలో

1868లో దక్షిణ కరోలినాకు కొత్త రాజ్యాంగం రాయడానికి చార్ల్‌స్టన్‌లో సభ సమావేశమైంది. ప్రతినిధుల్లో సగానికి పైగా నల్లవారు. రాబర్ట్ స్మాల్స్ వారిలో ఒకరు. ఆ సభలో ఆయన పట్టుబట్టి అడిగింది ఒకటే, ఉచిత నిర్బంధ విద్య. నల్లపిల్లలకే కాదు, తెల్లపిల్లలకు కూడా! తెల్లవారిలో పేదలకూ అప్పటిదాకా అందరికీ బడి లేదు. బ్యూఫర్ట్ పాకలో పుట్టిన బానిస కొడుకు, యజమానుల పిల్లలతో సహా రాష్ట్రంలోని ప్రతి బిడ్డకూ బడి కావాలన్నాడు. ఆ రాజ్యాంగంలో ఆ సూత్రం చోటుచేసుకుంది. ఎర్ర సముద్రం దాటాక సీనాయి కొండ దగ్గర ధర్మశాస్త్రం అందినట్టు, ఆ జనానికి విడుదల తర్వాత దక్కిన మొదటి మేలుల్లో ఇదొకటి.

అదే ఏడాది ఆయన రాష్ట్ర ప్రతినిధుల సభకు ఎన్నికయ్యాడు. 1870లో రాష్ట్ర సెనేట్‌లో అడుగుపెట్టాడు. 1875 నుంచి అమెరికా కాంగ్రెస్‌లో కూర్చున్నాడు. ఓడుతూ గెలుస్తూ 1887 వరకు అయిదు సార్లు ఆ సభలో పనిచేశాడు. సముద్ర దీవుల్లోని నల్లవారు తమ భాషలో, తమ యాసలో మాట్లాడే ఈ మనిషిని వదులుకోలేదు.

దీనికి మరో వైపు కూడా ఉంది, దాచడం సబబు కాదు. 1876లో తుపాకులు పట్టిన ముఠాలు నల్లఓటర్లను బెదిరించి, చంపి, రాష్ట్ర అధికారాన్ని తెల్లవారి చేతికి తెచ్చాయి. మరుసటి ఏడాది, సెనేట్‌లో ముద్రణ కమిటీకి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు 5,000 డాలర్లు లంచం తీసుకున్నాడని రాబర్ట్ మీద కేసు పెట్టారు. జ్యూరీ దోషి అంది, మూడేళ్ల శిక్ష పడింది. తాను నిర్దోషినని ఆయన చివరిదాకా చెప్పాడు. ఆయన మీద సాక్ష్యం చెప్పిన మనిషి అదే కుంభకోణంలో పీకల్లోతు ఇరుక్కున్నవాడు. 1879లో గవర్నరు క్షమాభిక్ష పెట్టాడు. ఎన్నికల అక్రమాల్లో చిక్కుకున్న తన పార్టీవారి మీద కేసులు ఎత్తేసినందుకు బదులుగా జరిగిన ఒప్పందం అది. ఆ మచ్చ మాత్రం ఆయనను వదల్లేదు. రాజకీయంలో దిగిన విశ్వాసులు ఈ భాగాన్ని రెండుసార్లు చదువుకోవాలి. నేరం చేయకుండా ఉండటం ఎంత అవసరమో, వేలెత్తి చూపే సందు ఇవ్వకుండా ఉండటమూ అంతే అవసరం.

కట్టింది కూల్చేస్తుంటే

అసలు పరీక్ష 1895లో వచ్చింది. నల్లవారి ఓటు తీసేయడానికి బెన్ టిల్‌మన్ నాయకత్వంలో మరో రాజ్యాంగ సభ కూర్చుంది. 160 మంది ప్రతినిధుల్లో నల్లవారు ఆరుగురు. వారిలో 56 ఏళ్ల రాబర్ట్ ఒకరు. ఓటు కావాలంటే చదవడం రావాలి, లేదా 300 డాలర్ల ఆస్తి ఉండాలన్నారు. చదువుకోనివ్వకుండా చట్టాలు చేసినవాళ్లే చదువు రాదు కాబట్టి ఓటు లేదంటున్నారు! టిల్‌మన్ పాత లంచం కేసును సభలో తిరగదోడాడు. రాబర్ట్ లేచి జవాబిచ్చాడు. తన జాతికి ప్రత్యేకమైన రక్షణ ఏదీ అక్కర్లేదని, బతుకు పోరులో అందరితో సమానమైన అవకాశం ఇస్తే చాలని వాదించాడు. ఆయన మాట నెగ్గలేదు. ఆయన 27 ఏళ్ల కిందట రాసిన రాజ్యాంగాన్ని కళ్లెదుటే చెరిపేశారు. కొత్తదాని మీద సంతకం పెట్టడానికి ఆయన ఒప్పుకోలేదు. సంతకం పెట్టనివారికి ప్రయాణ ఖర్చులివ్వమంటే, నడిచైనా ఇంటికి పోతాను గానీ పెట్టనన్నాడని చెబుతారు.

ఇంటికే పోయాడు. బ్యూఫర్ట్ రేవులో కస్టమ్స్ అధికారిగా 1913 దాకా, నడుమ కొన్నేళ్లు తప్ప, పనిచేశాడు. ఆ ఏడు ఆ ఉద్యోగం కూడా తీసేశారు. 1915 ఫిబ్రవరి 23న 75 ఏళ్ల వయసులో, ప్రిన్స్ స్ట్రీట్‌లోని ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. అక్కడి టాబర్నకల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో ఆయనను సమాధి చేశారు.

తెరిచిన తలుపు

ఆ ఇంటి గురించి స్మాల్స్ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకునే సంగతి ఒకటుంది. యుద్ధం తర్వాత ఓ రోజు ఒక ముసలావిడ ఆ ఇంటి గుమ్మంలోకి వచ్చింది. ఆమె పాత యజమాని హెన్రీ మెకీ భార్య. వయసు మీదపడి మతి తప్పింది. అది ఇంకా తన ఇల్లేననుకుని లోపలికి నడిచింది. ఒకప్పుడు తన తల్లిని, తనను ఆస్తిగా లెక్కగట్టిన కుటుంబం అది. తలుపు మూసే హక్కు ఆయనకుంది. చట్టమూ ఆయన పక్షానే ఉంది. కానీ రాబర్ట్ స్మాల్స్ ఆమెను లోపలికి రానిచ్చాడు, ఆమె పాత గదిలోనే ఉంచి చూసుకున్నాడట. చితికిపోయిన మెకీ కుటుంబానికి ఆయన సాయం చేసిన సంగతి కూడా తెలిసిందే.

పగవాడు ఆకలిగా ఉంటే అన్నం పెట్టమని పౌలు రోమా సంఘానికి రాశాడు. ఆ మాట మనం ఎన్నో ప్రసంగాల్లో విన్నాం. అమ్మేసిన అన్నలకే ధాన్యం కొలిచిచ్చిన యోసేపు కథ కంఠతా వచ్చు. కానీ మనల్ని చిన్నచూపు చూసిన కుటుంబం ఇవాళ మన గుమ్మంలో నిలబడితే ఏం చేస్తాం? ఒకప్పుడు మీ నాన్న మా తాతను ఎక్కడ కూర్చోబెట్టాడో తెలుసా అని అడగకుండా ఉండగలమా? రాబర్ట్ జరిగింది మరచిపోయినవాడు కాదు. మరచిపోకుండానే ఆదరించాడు. అదే సభలో టిల్‌మన్‌ను ఎదిరించాడు, అదే చేత్తో మెకీ భార్యకు తలుపు తీశాడు. అన్యాయంతో రాజీపడటం క్షమాపణ కాదని, అన్యాయం చేసినవారిని ద్వేషించడం న్యాయపోరాటం కాదని ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే మనకు తెలుస్తుంది.

ఆయన బతికుండగా ఓడిపోయాడనే అనుకోవాలి. రాసిన రాజ్యాంగం పోయింది, ఓటు పోయింది, పదవి పోయింది. కానీ ఉచిత బడి అనే తలంపు పోలేదు. ఆ ఇంటిని 1974లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు. 2023లో అమెరికా నావికాదళం, కాన్ఫెడరసీ విజయం పేరు మోస్తున్న ఒక యుద్ధనౌకకు ఆ పేరు తీసేసి రాబర్ట్ స్మాల్స్ పేరు పెట్టింది. ఒకప్పుడు పైలట్ అని పిలవడానికి కూడా మనసొప్పని మనిషి పేరు! నల్లవారి ఓటు తీసేసిన ఆ రాష్ట్రమే, శాసనసభ ఆవరణలో ఆయన విగ్రహం నిలపడానికి 2024లో చట్టం చేసింది.

విత్తినవాడొకడు, కోసేవాడొకడు. మన చేతుల్లో ఉన్న చిన్న కొట్టు, చిన్న ఉద్యోగం, పంచాయతీ వార్డు పదవి, సంఘంలో ఓ బాధ్యత, ఇవన్నీ మనకు దక్కిన విడుదలలో భాగాలే. మనం సముద్రం దాటిన రాత్రిని తలచుకుని పాడుకోవడం మంచిదే. మన వెనుక వచ్చేవారి కోసం ఏ బడి తెరిచాం, ఏ దారి వేశాం, ఎవరికి తలుపు తీశాం అన్నది కూడా మనల్ని మనం అడుగుదాం. ఈ ఆదివారం గుడి నుంచి ఇంటికి చేరాక, మన గుమ్మం ముందు నిలబడి అడుగుదాం.